బొబ్బిలి కోట నుంచి భీమిలి రేవు దాకా: అసాసిన్స్ క్రీడ్ తయారు చేసేవారికి విశాఖ నుంచి ఒక బహిరంగ లేఖ

యూబీసాఫ్ట్‌లో అసాసిన్స్ క్రీడ్ వీడియో గేమ్‌ల కోసం పనిచేస్తున్న అందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. పూణేలో, ముంబైలో మీకు స్టూడియోలున్నాయి. అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లు లేకుండా ఉండరు. వాళ్లలో ఎవరో ఒకరు ఇది చదివి మాంట్రియాల్‌లోని మీ పెద్ద స్టూడియో దాకా చేరవేస్తారని నా నమ్మకం. నేను అడగబోయేది తెలుగులో అడిగితేనే నిండుగా ఉంటుంది.

మాది విశాఖపట్నం వన్ టౌన్. 2010లో ఇంటర్ చదువుతున్నప్పుడు, కాలేజీ అవగానే నెట్ సెంటర్‌కి వెళ్లి గంటకి 20 రూపాయలిచ్చి ఆటలోని హీరో ఎజియోతో వెనిస్ ఇళ్ల కప్పుల మీద పరిగెత్తేవాడిని. డబ్బులైపోయి ఇంటికి నడిచి వస్తుంటే కురుపాం మార్కెట్ దగ్గర పాత పెంకుటిళ్ల వరస కనపడేది. ఈ కప్పు మీంచి ఆ కప్పుకి దూకొచ్చా, ఆ కిటికీ ఊచ పట్టుకుని పైకి పాకొచ్చా అని లెక్కలేసుకుంటూ నడిచేవాడిని. మా ఇంటి డాబా ఎక్కితే రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, కాలువకి ఆవల డాల్ఫిన్ నోస్ కనిపిస్తాయి. అసాసిన్స్ క్రీడ్ ఆడినవాడికి ఇవన్నీ ఎక్కి ఊరంతా చూసి సింక్రనైజ్ చేసుకోవాల్సిన చోట్లే. డాల్ఫిన్ నోస్ కొన నుంచి కిందికి చూసిన ప్రతిసారీ నా చేతులు మీ హీరోలు దూకే ముందు చాచినట్టు వాటంతటవే పక్కలకి చాచుకుంటాయి.

2007లో జెరూసలేం, డమాస్కస్, ఏకర్‌తో మొదలుపెట్టారు. తర్వాత ఫ్లోరెన్స్, రోమ్, కాన్‌స్టాంటినోపుల్, బోస్టన్, హవానా, పారిస్, లండన్, అలెగ్జాండ్రియా, ఏథెన్స్, బాగ్దాద్ వెళ్లారు. 2025లో జపాన్ వెళ్లారు. హెక్స్ అనే పేరుతో ఇంకో ఆట తయారవుతోందని 2022లో మీరే చెప్పారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నదే ఈ ఉత్తరంలో సంగతి. మా తీరానికి రండి. 1757కి రండి.

ఎందుకు 1757 అంటే, నేను మా ఇంట్లోంచి మొదలుపెట్టాలి.

మా అమ్మ వాళ్లది బొబ్బిలి. మా నాన్న వాళ్లది విజయనగరం. ఈ రెండు ఊళ్ల పేర్లు పక్కపక్కన వింటే ఉత్తరాంధ్రలో ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది, బొబ్బిలి యుద్ధం. వేసవి సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళితే కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద పడుకోబెట్టి తాండ్ర పాపారాయుడి కథ చెప్పేది. కోట కూలిపోయిందని తెలిసి రాజాం నుంచి పాపారాయుడు వచ్చాడని, చీకట్లో శత్రువుల దండు మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో దూరాడని, నిద్రపోతున్న రాజుని లేపి మరీ పొడిచాడని చెప్పేది. "నిద్దట్లో పొడిస్తే అది పౌరుషం కాదు నాయినా" అనేది. నేను మీ ఆట మొదటిసారి ఆడినప్పుడు నాకది కొత్తగా అనిపించలేదు. దండు మధ్యలోంచి ఎవరికీ కనపడకుండా వెళ్లి, ఒకే ఒక్కడిని చంపి, తప్పించుకోవడమో అక్కడే చావడమో. ఇది నేను ఆరేళ్ల వయసు నుంచి వింటున్న కథ.

అయితే నాన్నవైపు మామ్మ ఈ కథ ఇంకోలా చెప్పేది. ఆవిడ దృష్టిలో విజయరామరాజు చెడ్డవాడు కాదు, అన్నగారు. ఎవరికి అన్న అంటే పైడితల్లి అమ్మవారికి. యుద్ధం వద్దని ఆవిడ అన్నని బతిమాలిందని, వినలేదని, అన్న చావు కబురు తెలిసి పెద్దచెరువులో కలిసిపోయిందని విజయనగరంలో చెప్పుకుంటారు. ఏటా దసరా వెళ్లాక వచ్చే మంగళవారం ఆ అమ్మవారికి సిరిమానోత్సవం చేస్తారు. పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు. ఆ మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. లక్షల మంది అరటిపళ్లు విసురుతూ దణ్ణం పెడతారు. ఒక ఊరు పాపారాయుడిని కొలిచింది, ఇంకో ఊరు అతను చంపిన మనిషి చెల్లెలికి గుడి కట్టింది. ఇద్దరూ మావాళ్లే. మా ఇంట్లో రెండు కథలూ ఒకే కంచంలో తిన్నాం.

ఇక చరిత్రలో ఉన్నది చెబుతాను. 1753లో నిజాం నుంచి ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. వాళ్ల సేనాని బుస్సీ. విజయనగరం రాజు విజయరామరాజుకీ బొబ్బిలి రాజు రంగారావుకీ పాత వైరం ఉంది. బుస్సీ ఫిరంగులు విజయనగరం వైపు నిలిచాయి. 1757 జనవరి 24న బొబ్బిలి మట్టికోట మీద పడ్డాయి. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లని, పిల్లల్ని శత్రువుల చేతికి చిక్కనివ్వకూడదని తామే చంపి, ఇళ్లకి నిప్పుపెట్టి, చివరి మనిషి దాకా పోరాడారు. రంగారావు తుపాకి గుండుకి పడిపోయాడు. పొగ అణిగాక ఒక ముసలాయన రాజుగారి చిన్న కొడుకుని చేయి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించాడని అప్పటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. కొద్ది రాత్రులకే విజయరామరాజు తన డేరాలో హత్యకి గురయ్యాడు.

కథ అక్కడ ఆగలేదు. 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నం మీదికి వచ్చి ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీని, అంటే వర్తక స్థావరాన్ని, పట్టుకున్నాడు. బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగిన నెల కూడా అదే. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లకి ఎదురు తిరిగి, ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబర్లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ మనుషులు రాత్రిపూట బురదలోంచి నడిచి మచిలీపట్నం కోటని పట్టుకున్నారు. రెండేళ్ల చిల్లర కాలంలో ఈ తీరం యజమాని మారిపోయాడు. మొదట చిందిన నెత్తురు బొబ్బిలిది.

ఈ ఏళ్లు మీకు కొత్తవి కావు. 2014లో మీరు తీసిన రోగ్‌లో హీరో షే కార్మాక్ తిరిగింది సరిగ్గా ఈ కాలంలోనే. అది ఉత్తర అమెరికాలో ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ జరిగిన ఏడేళ్ల యుద్ధం. 2012లో వచ్చిన మూడో భాగంలో హేథమ్ కెన్‌వే బోస్టన్ చేరింది 1754లో. అదే యుద్ధానికి రెండో కొస మా దగ్గరుంది. అటువైపు కథ మీరు చెప్పేశారు. ఇటువైపు కథ మీరింకా చెప్పలేదు. హేథమ్‌కి అందిన ఉత్తరాల్లో ఒకటి విశాఖ రేవు నుంచి వచ్చినట్టు రాస్తే కథ అతికించినట్టు ఉండదు, దానంతటదే కలుస్తుంది. ఫ్రెంచి కంపెనీ, ఇంగ్లీషు కంపెనీ, భీమిలిలో డచ్చి కంపెనీ, మూడింటి గిడ్డంగులూ ఈ ఒడ్డున ఉండగా మీ ఆటల్లో అసాసిన్ల శత్రువులైన టెంప్లార్లకి వేరే చోటు వెతకాలా? బట్టల మూటల లెక్కల పుస్తకాల్లోనే వాళ్లు దాక్కుంటారు.

భారతదేశం చేసేశాం కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. చేశారు. 2016లో క్రానికల్స్ ఇండియా వచ్చింది, 1841 నాటి పంజాబ్ కథ. రంగులు బాగున్నాయి, నేను ఇష్టంగానే ఆడాను. కానీ అది పక్కకి మాత్రమే పరిగెత్తే ఆట. గోడ వెనకాల ఏముందో చూడటానికి వెళ్లలేం, సందులో తప్పిపోలేం. మా దేశానికి ఒక గోడ చూపించారు, ఊరు చూపించలేదు.

ఇప్పుడు ఆట ఎలా ఉండాలన్నది చెబుతాను. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది.

చిన్నగా ఉండాలి. 2016లో పెద్ద ఆట విడుదల చేయకుండా ఆగి, 2017లో ఒరిజిన్స్‌తో వచ్చినప్పుడు నేను సంబరపడ్డాను. అందులో హీరో బాయెక్‌ని ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత మ్యాపులు పెరుగుతూ పోయాయి. తర్వాతి ఆట ఒడిస్సీలో హీరోకి అసాసిన్ల గుర్తైన మణికట్టు కత్తే లేదు. వల్హల్లా పూర్తి చేయడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది. ఇవాళ నన్ను అందులో ఒక ఊరికి దారి చెప్పమంటే చెప్పలేను. పదిహేనేళ్ల కిందట ఆడిన వెనిస్‌లో మాత్రం రియాల్టో వంతెన నుంచి ఎటు తిరగాలో ఇప్పటికీ చెప్పగలను. 2023లో మిరాజ్‌తో బాగ్దాద్‌కి వెళ్లినప్పుడు ఆ పాత రుచి కాస్త తిరిగొచ్చింది. అది వల్హల్లాకి అనుబంధంగా మొదలై విడి ఆటగా మారిందని మీరే చెప్పారు. ఆ కొలత సరిపోతుంది. బొబ్బిలి, విజయనగరం, విశాఖ, భీమిలి, నాలుగు చోట్లు. విజయనగరం నుంచి విశాఖకి సుమారు 60 కిలోమీటర్లు. దాన్ని కుదించండి కానీ మధ్యలో వంద శిబిరాలు, రెండొందల పెట్టెలు పెట్టి నింపొద్దు. తాటితోపులు, చెరువుగట్లు, ఎర్రమట్టి దిబ్బలు, సింహాచలం కొండ మెట్లు చాలు. ఆటగాడు మ్యాపు తెరవకుండా నడిచే రోజు రావాలి.

కథానాయకుడిగా పాపారాయుడిని పెట్టొద్దు. మీ పద్ధతి కూడా అది కాదు కదా, నిజం మనుషుల పక్కన మీ మనిషి నడుస్తాడు. నా మనసులో ఉన్నది పగటివేషగాళ్ల ఇంటి అమ్మాయి. పగటివేషాలంటే ఏమిటో మీ తెలుగు ఉద్యోగులని అడగండి. పట్టపగలు వేషం కట్టి ఊళ్లోకి వచ్చి, నిజంగా ఆ మనిషేనేమో అని జనం నమ్మేలా ఆడే కళ. కోమటి వేషం, ఫకీరు వేషం, సోమయాజి వేషం, ఎరుకలసాని వేషం. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే ఆ కళలోకి ఒక ఆడపిల్ల దొంగచాటుగా ప్రవేశించడం దగ్గరే కథ మొదలవ్వొచ్చు. అమాయకుడి మీద కత్తి ఎత్తకూడదన్నది మీ ఆటలో మొదటి నియమం. జనం మధ్యనే దాక్కోమన్నది రెండోది. ఆ రెండో నియమాన్ని ఒక కులవృత్తిగా బతికినవాళ్లు మా దగ్గరున్నారు. బెంచీ మీద కూర్చుంటే కాపలావాడికి కనపడకపోవడం కాదు. ఏ వేషానికి ఏ మాట, ఏ నడక, ఏ ఇంటి గుమ్మం దాకా వెళ్లే హక్కు ఉంటుందో ఆటగాడు నేర్చుకోవాలి. ఫకీరు వేషంలో దర్గా కొండ ఎక్కొచ్చు, సోది చెప్పే ఎరుకలసానిగా అంతఃపురం వాకిట్లోకి వెళ్లొచ్చు. వేషం తప్పు మాట్లాడితే పట్టుబడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ బృందం బొబ్బిలిలోనూ ఆడుతుంది, విజయనగరంలోనూ ఆడుతుంది. రెండు ఊళ్ల ఉప్పూ తిన్న పిల్ల ఆమె. చివరికి ఆ డేరా దగ్గరికి పాపారాయుడికి దారి చూపించాల్సింది ఆమే అయితే, లోపల పడుకున్న మనిషి ఒకప్పుడు తన ఆట చూసి శాలువా కప్పినవాడైతే, ఆటగాడి వేలు ఆ బటన్ మీద ఆగుతుంది. ఆగాలి. జపాన్ ఆట షాడోస్‌లో నవోయే, యాసుకే అని ఇద్దరిని పెట్టి రెండు వైపులా చూపించారు. ఇక్కడ ఒక్క మనిషిలోనే రెండు వైపులూ ఉన్నాయి.

ఒక విన్నపం. బొబ్బిలి కోటలో ఆడవాళ్ల, పిల్లల చావుని దయచేసి కట్‌సీన్‌గా తీయొద్దు. మంటల వెలుగులో స్లో మోషన్లో చూపించొద్దు. ఆటగాడు అప్పుడు కోట బయట ఉండాలి, పొగ మాత్రమే చూడాలి. మరుసటి రోజు పొద్దున లోపలికి నడవాలి. పరిగెత్తే బటన్ పనిచేయకూడదు. అంతే చాలు. మా అమ్మమ్మ ఆ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేది. మీ ఆట కూడా అక్కడ గొంతు తగ్గించాలి.

సముద్రం గురించి చెప్పకపోతే విశాఖవాడిని కాను. మీ సముద్రపు దొంగల ఆట బ్లాక్ ఫ్లాగ్‌లో హీరో ఎడ్వర్డ్ ఓడ నడుపుతుంటే నావికులు పాడే పాటల కోసం నేను ఊరికే ఒడ్డుకి వెళ్లకుండా తిరిగేవాడిని. మా జాలరిపేటలో వల లాగేటప్పుడు హైలెస్సా అంటూ ఒకరు అందుకుంటే మిగతావాళ్లు తిరిగి అనే పాటలు అంతకు తక్కువేం కాదు. వచ్చి రికార్డు చేసుకోండి, పాడినవాళ్లకి డబ్బివ్వండి, వాళ్ల పేర్లు చివర్లో వేయండి. 1757లో ఇక్కడ ఇప్పటి హార్బర్ లేదు, అది 1933లో మొదలైంది. పెద్ద ఓడలు దూరంగా లంగరేసేవి. కెరటాలు దాటి సరుకు ఒడ్డుకి తేవడానికి మసులా పడవలుండేవి. మేకులు లేకుండా చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలు అవి. కెరటం కొడితే చెక్క విరగదు, వంగుతుంది. మీ భౌతికశాస్త్రం తెలిసిన ఇంజనీర్లకి ఇంతకంటే మంచి పని దొరకదు. ఫిరంగి యుద్ధాలు తక్కువుంచి, రాత్రిపూట చిన్న పడవలో ఓడ దగ్గరికి చడీచప్పుడు లేకుండా వెళ్లే ఆట ఎక్కువుంచండి. అవతల కోరంగిలో ఆ రోజుల్లో ఓడలు కట్టే పని ఎలాగూ ఉండేది.

తుఫాను కూడా పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. గాలి తలుపుని బయటి నుంచి నెట్టలేదు, లోపలి నుంచి లాగింది. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయింది, అయిపోయిందనుకున్నాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మీ ఆటల్లో తుఫానంటే పెద్ద కెరటాలు, మెరుపులు. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో మీరు ఇంకా చూపించలేదు.

ఇక భాష. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. మిరాజ్‌ని పూర్తిగా అరబ్బీలో ఆడొచ్చు. షాడోస్‌లో ఎవరి భాష వాళ్లు మాట్లాడే పద్ధతి పెట్టారు, జపనీయులు జపనీసు, పాదిరీలు పోర్చుగీసు. అదే పద్ధతిలో మా ఆటలో ఊళ్లో తెలుగు, బుస్సీ శిబిరంలో ఫ్రెంచి, నిజాం మనుషుల దగ్గర దక్కనీ, భీమిలి గిడ్డంగిలో డచ్చి వినిపించాలి. ఆ తెలుగు టీవీ వార్తల తెలుగు కాకూడదు. "ఏటైంది", "ఎలిపోనాడు", "ఒచ్చీసినారు" అనే మా ఉత్తరాంధ్ర మాట కావాలి. మా మాటని సినిమాల్లో నవ్వించడానికి వాడుకున్నారు. ఒక వీరుడి నోట, ఒక తల్లి నోట, చావు ముందు నిలబడ్డ సిపాయి నోట ఆ మాట నేను పెద్ద తెర మీద ఎక్కువ వినలేదు. మీరు చేస్తే ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న ఒక కుర్రాడు మా అమ్మమ్మ యాసని మొదటిసారి వింటాడు. కింద అక్షరాలు చదువుకుంటూ వింటాడు, నేను ఇటాలియన్ విన్నట్టే. "రెక్వియెస్కాత్ ఇన్ పాచే" (శాంతిగా విశ్రమించు) అనే లాటిన్ మాట నాకు ఎజియో నేర్పాడు, ఏ బళ్లోనూ కాదు.

ఆట అయ్యాక డిస్కవరీ టూర్ తప్పకుండా ఇవ్వండి. ఒరిజిన్స్, ఒడిస్సీ, వల్హల్లాలకి ఇచ్చారు, కత్తి లేకుండా ఊరికే నడుస్తూ నేర్చుకునేది. మాకు అది ఇంకా ఎక్కువ అవసరం. తొట్లకొండ, బావికొండ మీద బౌద్ధుల విహారాల పునాదులు మిగిలాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. బొబ్బిలిలో ఆనాటి మట్టికోట లేదు, గుర్తుగా ఒక స్తంభం ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళితే "ఏముందిక్కడ?" అని అడుగుతారు. నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు, చెప్పడానికి మాత్రమే ఉంటుంది. మీరు పారిస్‌లో నోత్ర్ దామ్‌ని రాయి రాయి లెక్కపెట్టి కట్టారు. 2019లో అది మంటల్లో చిక్కుకున్నప్పుడు జనం మీ పారిస్ ఆట యూనిటీ తెరిచి అందులో ఆ చర్చిని చూసుకున్నారు. మా కోట కాలి 260 ఏళ్లు దాటింది. చూసుకోవడానికి మాకు ఎక్కడా లేదు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఇప్పటికీ ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. మీ సంగీత దర్శకుడు వస్తే ముందు అక్కడికి తీసుకెళ్లండి.

వచ్చేటప్పుడు దసరా అయ్యాక మొదటి మంగళవారానికి విజయనగరంలో ఉండేలా టిక్కెట్లు తీసుకోండి. మధ్యాహ్నం కల్లా మూడు లాంతర్ల దగ్గర మేడల మీద చోటు నిండిపోతుంది. మా మేనత్త వాళ్ల డాబా ఉంది, నేను మాట్లాడి ఉంచుతాను. సిరిమాను కదలగానే కింద జనం ఒక్కసారిగా కేక పెడతారు. మైకులు ముందే ఆన్ చేసుకుని ఉండండి.

ఇట్లు,
విశాఖపట్నం వన్ టౌన్ నుంచి
2010 నుంచి మీ ఆటలన్నీ ఆడుతున్న ఒక ఆటగాడు